పున్నమికి అడిగిన రంపం

కంబగిరాచారి అని ఒక వడ్లాయన ఉండె. ఆచారి అంటే ముసిలోడనుకునేరు, కాదు, ఇరవై నాలుగేండ్ల పిల్లోడు. మీసం ఇప్పుడిప్పుడే దిద్దుకుంటాండే వయసు. వానికి ఊరు లేదనుకో. నాలుగేండ్లప్పుడు గత్తరొచ్చి అమ్మా నాయనా ఒకే వారంలో పోతే, పట్నంలో బండిచక్రాలు చేసే ఖాసీం సాయిబు అని ఒక పెద్దాయన ఎత్తుకోనిపోయి సాకినాడంట. సాయిబుకు పిల్లల్లేరు. పనంతా నేర్పించినాడు. బాడిస పట్టేది, ఉలి కొట్టేది, చిత్రిక తోసేది, రంపం లాగేది, అన్నీ. "బేటా, చెక్కను తొందరపెట్టాకు, అది నీకంటే పెద్దది" అనేవాడంట. అన్నీ నేర్పించినాడు గాని ఒకటి మాత్రం నేర్పీలేదు. ఏందది? వాని కులమోళ్ల ఇండ్లల్లో ఏమేం పద్ధతులుండాయో అది నేర్పీలేదు. ఆయనకు తెలిస్తే గదా నేర్పేదానికి! సాయిబు తప్పు కాదు, వీని తప్పూ కాదు. ఎవురి తప్పూ కాకుండానే కొంపలు మునిగేది ఇట్లనే నాయనా.

సాయిబు కన్నుమూసినాక వీడు పని వెతుక్కుంటా గుండ్లవంక అనే ఊరికి వచ్చినాడంట. ఏమైందంటే, ఆ ఊర్లో అంతకుముందు పాపాచారి అని మంచి వడ్లాయన ఉండె. ఆయన చేసిన మడక పట్టి దున్నినోడు ఇంగొకరి మడక ముట్టడు, అంత పనోడు. ఆయన పోయి మూడేండ్లయింది. ఊర్లో తలుపు ఊడితే తగిలిచ్చే మనిషి లేడు. "అప్పా, నువ్వు ఈడనే ఉండిపో" అని ఊరోళ్లు వీనికి వంక గట్టున ఒక కొట్టం చూపించినారు. ఉన్నాడు. ఆ చచ్చిపోయిన పాపాచారికి భార్య ఉంది, వీరనారమ్మ. కూతురుంది, కామాచ్చి. మగపిల్లల్లేరు. ఆ కామాచ్చి ఎట్లుండేదంటే, ఎట్ల చెప్పాల మీకు, తెల్లవారి జొన్నచేనిమీద మంచు పడి, ఆ మంచుమీద మొదటి ఎండ పడతాది చూడండి, ఆ యాళ చేను తట్టు చూస్తే మనకు మాట రాదు గదా, అట్లుండేదంట. ఆ పిల్ల నవ్వితే పక్కింట్లోవాళ్లు గూడా ఎందుకో తెలీకుండానే నవ్వేటోళ్లంట. కంబగిరి ఆ పిల్లను నీళ్లకు పోయేటప్పుడు చూసేవాడు. ఆ పిల్లా చూసేది. వీడు చూస్తే ఆ పిల్ల చూపు తిప్పేది, ఆ పిల్ల చూస్తే వీడు చిత్రికను చూసేవాడు. ఏడాది పొడుగునా ఇదే. ఒక్క మాట లేదు. వానికి ఆ పిల్ల మీద ప్రాణం పోయేంత ఇది, గాని అడిగేదానికి వెనకాల ఎవురున్నారు? పిల్లనడిగేదానికి తల్లన్నా ఉండాల, మేనమామన్నా ఉండాల. వీడేమో గాలికి పుట్టినట్ల ఒంటిగాడు. "నేను పోయి నాకు పిల్లనియ్యండి అంటే కుక్కల్ని ఉసిగొలుపుతారు" అనుకునేవాడంట.

ఇట్లుండంగా ఒక దినం, అమాస పోయిన మరుసటి దినం పొద్దున్నే, కామాచ్చి గోనెపట్టలో ఏందో చుట్టుకోని కొట్టం కాడికొచ్చి నిలబడిందంట. వీని చేతిలో ఉలి చేతిలోనే ఉండిపాయె. గోనెపట్ట విప్పి ముందర పెట్టింది. చూస్తే రంపం. రంపమంటే పేరుకు రంపం. మూడేండ్లు చూర్లో చెక్కిపెట్టినారు, వానలు కొట్టికొట్టి తుప్పు పొరలు పొరలుగా లేచింది. పట్టుకుంటే చేతికంతా ఎర్రపొడి. పండ్లు నాలుగు విరిగినాయి, పిడి నడిమికి పగిలి నోరు తెరుచుకోనుంది. "మా నాయన రంపం. బాగు చేస్తావా ఆచారీ?" అనిందంట. "చేస్తా. ఎప్పటికి కావాల?" "పున్నమికి." "పున్నమికి ఏం పని?" "పనుంది." "ఏం పనో చెప్తే దానికి తగినట్ల పండ్లు దిద్దుతా గదా. దూలాలు కోసేదానికొక తీరు, పీటలు కోసేదానికొక తీరు." ఆ పిల్ల కిందికి చూసి, కాలి బొటనేలితో రంపం పొట్టును ఇటు తోసి అటు తోసి, "నీకు ఏ తీరు మంచిదనిపిస్తే ఆ తీరు. పున్నమి దాటకుండా చూడు, అంతే" అని, గోనెపట్ట గూడా వదిలేసి పరుగు పెట్టిందంట.

ఇప్పుడు మీకొక మాట చెప్తా. మీకు చెప్తాండా, వానికి చెప్పాకండి. ఆ కాలంలో ఆ పక్కన ఆ ఇండ్లల్లో ఒక పద్ధతి ఉండేదంట. ఇంటి మగోడు పోయి, మగపిల్లలు లేకపోతే, ఆయన రంపానికి నూనె పుయ్యరు. చూర్లో పెట్టేస్తారు, తుప్పు పట్టనిస్తారు. ఇంట్లో చెయ్యి లేనిది రంపానికి మెరుపెందుకని. మల్ల ఆ ఇంటి ఆడపిల్ల ఎదిగినాక, ఆ పిల్లకు ఎవురి మీద మనసుంటే వాని దగ్గరికి ఆ రంపం తానే తీస్కపోయి పెట్టాల. నోటితో చెప్పకూడదు, చెప్తే తప్పు. అమాస పోయినాక పెడితే పున్నమి లోపల వాడు తుప్పు తీసి, పదును పెట్టి, పసుపు రాసి, తల్లి చేతికి తెచ్చిస్తే, "మీ పిల్ల నాకిష్టమే" అని అర్థం. పున్నమి దాటినా తుప్పుతోనే ఉంటే "నాకొద్దు" అని అర్థం. అదీ నోటితో చెప్పరు. ఎవురి మర్యాద వాళ్లకుంటాది, పిల్ల పేరు బజార్న పడదు. మంచి పద్ధతే. తెలిసినోనికి మంచి పద్ధతి. అప్పటికి కామాచ్చి మేనమామ నరసింహాచారి ఒక సంబంధం తెచ్చిపెట్టినాడు. అడవి దాపున ఒక పల్లె, రుద్రాచారి అని, పెండ్లాం పోయినోడు, నలభై దాటినాయి. ఆ ఇంటికి గింజలు పంపించి సాకేది మేనమామే కాబట్టి వీరనారమ్మ కాదనలేదు. కామాచ్చే మామ ముందర నిలబడి, "మామా, నాకు రంపం హక్కుంది గదా" అనిందంట. ఆయన గూడా పెద్దమనిషే, "ఉంది తల్లీ. పున్నమి దాకా ఆగుతా. రంపం వెలిగి వస్తే నీ ఇష్టం. తుప్పుతో వస్తే నేను చెప్పిన మాట వినాల" అన్నాడు. "వింటా" అనింది ఆ పిల్ల. ఎందుకన్నదో తెలుసా? వాడు రంపం తెచ్చిస్తాడని అంత నమ్మకం. ఏడాది పొడుగునా ఆ చూపులు ఊరికే చూసినాడా!

వాడు చేసినాడు. ఎందుకు చెయ్యడు? ఆ పిల్ల ముట్టుకున్న రంపం. మొదటిదినం కిర్సనాయిలు పోసి నానబెట్టినాడు. రెండోదినం ఇటుకపొడి, చింతపండు, కొబ్బరిపీచు పెట్టి తోమినాడంట. తోముతాంటే ఎర్రనీళ్లు కారతాండాయి, మల్ల నల్లనీళ్లు కారతాండాయి, మల్ల లోపల్నించి రొంత రొంత తెలుపు కనపడతాంది. మబ్బు పక్కకు జరిగి చంద్రుడొచ్చినట్ల అనుకో. పిడి దగ్గర తుప్పు పోయేటప్పటికి అక్కడొక చిన్న చుక్క, దానికింద ఒక గీత కనపడె. పాపాచారి గుర్తు. వాడు ఆ చుక్కమీద ఏలు పెట్టి, "పెద్దాయనా, నీ కూతురు తెచ్చింది, ఏమీ అనుకోవద్దు" అన్నాడంట. మూడోదినం విరిగిన పండ్లు అరగదీసి, మొత్తం వరసంతా దించి, ఆకురాయి పెట్టి ఒక్కొక్క పన్ను మళ్లీ పుట్టించినాడు. ఒకటి ఇటు వంచాల, ఒకటి అటు వంచాల, ఎక్కువ వంచితే విరుగుతాది, తక్కువ వంచితే చెక్కలో ఇరుక్కుంటాది. నాలుగోదినం పొద్దున్నే మద్దిచెక్కతో కొత్త పిడి చేసి బిగించినాడు. నూనె గుడ్డతో తుడిచి, ఏలితో కొట్టి చూసినాడంట. గ్గణ్ మని ఇంతపొడుగు సాగింది చూడు సద్దు! గుడిలో గంట కొట్టి చెయ్యి తీసినాక గూడా సాగుతాది చూడండి, అట్ల. ఒక మామిడి చెక్క మీద పెట్టి లాగితే, వెన్నలో దారం పోయినట్ల పోయిందంట. రంపం పాడింది. నాలుగోదినం పొద్దున్నే పాడింది, ఇది మరిచిపోవద్దండి.

అది పాడతాంటే దూరంగా కామాచ్చి వస్తాండేది కనపడింది. ఇంగ చూసుకో, వానికి ఒక దిగులు పట్టుకునె. ఏమని? "ఈ రంపం ఇచ్చేస్తే ఈ పిల్ల మల్ల ఎందుకొస్తాది?" అని. అంతే. ఈ ఒక్క బుద్ధి పుట్టింది. రంపాన్ని తీసి పొట్టుకుప్పలో దూర్చి పైన ఇంత పొట్టు కప్పినాడు. ఆ పిల్ల వచ్చి, "అయిందా?" "యాడయితాది, మూడేండ్ల తుప్పు." "ఎంత పోయింది?" "రొంత పోయింది." "పోతాది గదా?" "పోతాది, పోక యాడికి పోతాది." ఆ పిల్ల మొకం వెలిగిందంట. ఒక జొన్నరొట్టె, కారెం తెచ్చింది, ఇచ్చి, కూర్చుంది. వాళ్ల నాయన సంగతులు చెప్పింది. వాళ్ల నాయన రంపం లాగేటప్పుడు కన్ను ఒకటి మూస్తాడంట, అంగిట్లో నాలుక పెట్టుకుంటాడంట, ఆయన చేసిన ఉయ్యాలలో ఊరు ఊరంతా పెరిగిందంట. వాడు వింటా కూర్చున్నాడు. ఏడాది నుంచి ఎండిపోయిన చెవుల్లో తేనె పోసినట్లయింది. మరుసటి దినం వచ్చింది, మల్ల రొట్టె. "అయిందా?" "ఆకురాయి అరిగిపోయింది, పట్నంనించి కొత్తది రావాల." మరుసటి దినం వచ్చింది. "అయిందా?" "ఒక పన్ను సరిగా లేయలేదు." పక్కన మడక కోసరం కాసుకోని కూర్చున్న ఓబన్న, ఆయన రెడ్లాయన, వానికీ పద్ధతి తెల్దు, నవ్వి, "ఏమప్పా ఆచారీ, నా మడక రెండు దినాల్లో చేస్తివి, ఒక రంపానికి పన్ను లేయలేదా? చంటిబిడ్డకన్నా పన్ను లేస్తాది ఇన్ని దినాలకు" అన్నాడంట. ఆ పిల్ల కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది. ఆ పిల్ల పోయినాక ఓబన్న, "ఆ పిల్ల రంపం కోసరం వస్తాందా, నీ కోసరం వస్తాందా?" "రంపానికే లే అన్నా." "రంపానికి రొట్టె పెట్టేది నేనింతవరకు చూల్లేదప్పా" అన్నాడు. చూడండి, ఆ మొరటు రెడ్డికి అర్థమైంది ఆ మాత్రం. వీనికి గాలేదు.

ఎనిమిదోదినం కామాచ్చి వచ్చి, "ఏదీ, చూపీ" అనింది. వీడు, "రేపు చూపిస్తా, నూనెలో నానబెట్టినా" అని తప్పించుకున్నాడు. ఆ పిల్ల పోయినాక పొట్టులోంచి రంపం తీసి చూస్తే ఏముంది, అద్దం మాదిరి మెరుస్తాంది, దాంట్లో వాని మొకమే కనపడతాంది. రేపు ఇది చూస్తే, "అయిపోయింది గదా, ఇయ్యి" అని తీసుకోని పోతాది. కథ ముగిసె. అప్పుడు వాడు చేసిన పని చెప్తే మీరు నమ్మరు. కల్లుప్పు తెచ్చి నీళ్లల్లో కలిపి, ఆ నీళ్లల్లో అదే గోనెపట్ట ముంచి, ఆ రంపానికి చుట్టి, ఎండలో ఒకపారి నీడలో ఒకపారి పెట్టినాడంట. చేసిన చెయ్యే చెరిపింది. "రెండు దినాలు, మల్ల తోమితే పోతాది, ఇనుమే గదా" అనుకున్నాడంట. పిచ్చినాయాలు. పిచ్చినాయాలు అంటాండా గాని నాకు వాని మీద కోపం రాదు. ఆ వయసులో ఆ పిల్ల రొట్టె చేతికిస్తాంటే నేనైనా అంతే చేద్దునేమో.

మరుసటి దినం ఆ పిల్ల వచ్చి చూసింది. ఎర్రగా, పచ్చిపుండు మాదిరి తుప్పు. ఏలు పెట్టి రాసి, ఏలికంటిన ఎరుపు చూసుకుంది. "తొమ్మిది దినాలాయె" అనింది. "ఔ, మొండిది" అన్నాడు వీడు. "బావా" అనింది. వాడు కూర్చున్న పీట కదిలింది. ఎప్పుడూ ఆచారీ అనేదే గాని బావా అని ఎన్నడూ పిలవలేదు. "బావా, నిజం చెప్పు. నీకు చేతగాదా, ఇష్టం లేదా?" ఎంత మాట అడిగిందో చూసినారా! పద్ధతి ప్రకారం ఈమాత్రం గూడా అడక్కూడదు, గాని మనసు ఆగక అడిగింది. కన్నీళ్లు రెప్పల కొనల్లో ఉండాయి. వాడు ఆ బావా అనే పిలుపులోనే కొట్టుకోనిపోతాండాడు, దాని ఎనక వచ్చిన మాట వాని చెవిలో పడలేదు. పడిందాన్ని గూడా రంపం గురించే అనుకున్నాడు. నవ్వినాడంట. నవ్వి, "తొందరేముంది కామాచ్చీ, ఇనుము గదా, యాడికి పోతాది? ఇయ్యాళ కాకుంటే రేపు" అన్నాడు. అయ్యో, ఆ మాట అనే బదులు వాని నాలుక తెగినా బాగుండు. ఆ పిల్ల లేచింది. "సరే" అనింది. ఆ పొద్దు రొట్టె తెచ్చిన గుడ్డ మరిచిపోయి పోయింది. వాడు ఆ గుడ్డను తలకాడ పెట్టుకోని, ఉగాదికి ఓబన్నను పెద్దమనిషిగా తీస్కపోయి వీరనారమ్మను పిల్లనడగాల, ఆ దినమే రంపం మెరిపించి తాంబూలంతోపాటు ఇయ్యాల అని కలలు కన్నాడంట. ఉగాది ఇంగా నెలన్నర ఉంది. చూడండి నాయనా, ఆ పిల్లా రంపమే అనుకుంది, వాడూ రంపమే అనుకున్నాడు. ఇద్దరికీ ఒకటే కోరిక. నడుమ ఆ పున్నమి గడువొక్కటే అడ్డం.

పదో దినం రాలేదు. పదకొండు రాలేదు. వాడు దోవ చూస్తానే ఉండాడు. వస్తే తుప్పు చూపించాలని ఆ గోనెపట్ట విప్పనే లేదు. పున్నమి పొద్దున్నే వచ్చింది. తలకు పోసుకోనుంది, వెంట్రుకల కొసల్నించి నీళ్లు కారతాండాయి. "అయిందా?" అని అడిగింది. ఆ గొంతులో ఇంగా ఆశ ఉందంట, అదే నాకు ఇప్పటికీ బాధ. వాడు, "ఇంగొక నాలుగు దినాలు" అన్నాడు. "ఇయ్యి." "ఇట్లనేనా? తుప్పుతోనేనా?" "ఇట్లనే ఇయ్యి." గోనెపట్టతోనే తీసి సంకలో పెట్టుకుంది. నాలుగడుగులు పోయి ఎనక్కి తిరిగి, "పొయ్యొస్తా అన్నా" అనింది. బావ పోయి అన్న అయ్యె. వానికి ఎవురో గుండెల మీద సుత్తెతో కొట్టినట్లయింది, గాని ఎందుకు కొట్టినారో తెల్దు. ఏదో కోపమొచ్చింటాది, రేపు వస్తాదిలే అనుకోని, పట్నంనించి చేపలనూనె తెప్పించాల తుప్పుకు అని ఆలోచన చేస్తా కూర్చున్నాడంట. ఆ మధ్యాన్నమే పాపాచారి ఇంట్లో తాంబూలాలు మార్చుకున్నారు.

తాంబూలాలయిన మూడోదినం వీరనారమ్మ కొట్టం కాడికి వచ్చింది. "ఏం పెద్దమ్మా, రా, కూర్చో" అన్నాడు. "కూర్చునేదానికి రాలే నాయనా. ఒక్క మాట అడిగి పోదామని. అడక్కూడదు, పద్ధతి కాదు, అయినా తల్లిని గదా. మా పిల్లలో ఏం లోపం కనపడింది నీకు?" "లోపమేంది?" "ఇష్టం లేకుంటే లేకపాయె. మొదటి రెండు దినాల్లోనే తుప్పుతో తిప్పి పంపియ్యకూడదా? పదైదు దినాలు ఆ బిడ్డతో రొట్టెలు తిని, నవ్వి, మాట్లాడి, ఆఖరికి అట్లా చేతిలో పెడితివి." వాడు, "ఏం మాట్లాడతాండావో నాకర్థం కాలేదు, రంపానికీ లోపానికీ ఏంది?" అన్నాడు. ఆయమ్మ వాని మొకంలోకి చూసింది. చూస్తానే ఆయమ్మ మొకం రంగు మారిందంట. "నీకు తెల్దా? మీ ఇంట్లో ఎవురూ చెప్పలేదా?" "మా ఇంట్లో ఎవురున్నారమ్మా చెప్పేదానికి" అన్నాడు. ఆయమ్మ ఆడనే పొట్టుకుప్ప మీద కూలబడి, రంపం పెట్టేదేంది, పున్నమేంది, మేనమామ మాటేంది, అంతా చెప్పింది. చెప్తాంటే వాడు ఒక్కొక్క దినం ఎనక్కి లెక్కేసుకుంటా పోయినాడంట. చేతగాదా ఇష్టం లేదా అని అడిగిన దినం కాడికొచ్చేటప్పటికి ఉన్నపాటున లేచినాడు.

చెప్పులు లేకుండా పరిగెత్తినాడు. పాపాచారి ఇంటి వాకిట్లో కామాచ్చి పప్పు చెరుగుతాంది. "నాలుగోదినమే అయిపోయింది" అన్నాడు ఆయాసంతో. "ఏంది?" "నీ రంపం. నాలుగోదినం పొద్దున్నే అయిపోయింది. నువ్వు మల్ల రావని పొట్టులో దాచినా. చూపీ అంటే ఉప్పునీళ్ల గోనె చుట్టినా. నేనే తుప్పు పట్టించినా." చేటలో పప్పు నిలబడిపోయింది. "నాలుగోదినమే అయ్యిందా?" "అయ్యింది." "పాడిందా?" "పాడింది." ఆ పిల్ల నవ్విందంట. నవ్వి నవ్వి, నవ్వు యాడ ఏడుపైందో వానికి తెలీలేదు, ఆ పిల్లకూ తెలీలేదు. "నేను రొట్టె తెచ్చేది రంపానికనుకున్నావా బావా?" అనింది. మల్ల నాలుక కరుచుకుంది. వాడు, "మీ మామ కాళ్లు పట్టుకుంటా, ఆ పెండ్లికొడుకు ఊరికి పోయి ఆయన కాళ్లు పట్టుకుంటా, జరిగింది జరిగినట్ల చెప్తా" అన్నాడు. ఆ పిల్ల చేట కిందపెట్టి ఏమనిందంటే: "ఆ పున్నమి దినం ఆయన వచ్చి, అందరి ముందర, పిల్లా నేను పెద్దోన్ని, నీకు మనసుకు సమ్మతమైతేనే చేసుకుంటా, లేకుంటే ఇట్లే పోతా అన్నాడు. నేను ఆయన కండ్లల్లోకి చూసి సమ్మతమే అన్నా. నిన్ను రంపంతో అడిగినా, నీకర్థం కాలే. ఆయనకు నోటితో చెప్పినా, ఆయనకర్థమైంది. ఆయన సంతోషపడి పోయినాడు. ఇప్పుడు పోయి, కాదు, నా మాట ఉత్తదే అంటే, ఇంగ నా నోటికి విలువేముంది? ఆయనేం తప్పు చేసినాడు?" దీనికి జవాబుంటే మీరు చెప్పండి. నాకైతే ఇన్నేండ్లయినా దొరకలేదు.

ఇంగ ఊరి వడ్లాయన పెండ్లిపీటలు చెయ్యాల గదా. ఊరికి వడ్లాయన ఎవురు? వాడే. వీరనారమ్మ వద్దులే, పక్కూరినించి తెప్పిస్తామని కబురు పంపితే, వాడే, కాదు నేనే చేస్తానని, ఆ రంపం అడిగి తెప్పించుకున్నాడంట. పిల్లతోపాటు అత్తగారింటికి పోవల్సిన రంపం అది, తుప్పుతో పంపిస్తే ఆ ఇంట్లో ఏమనుకుంటారని. కూర్చోని తోమినాడు. ఇప్పుడు దాచేది లేదు, సాకు లేదు, వచ్చి అయిందా అని అడిగేవాళ్లు లేరు. ఒక్క దినంలో ఎరుపంతా పోయింది. పోయినాక చూస్తే, రేకు నిండా సన్న సన్న గుంటలు, అమ్మవారు పోసి తగ్గిన మొకం మాదిరి. మూడేండ్ల వాన తుప్పు గుర్తు లేకుండా పోయింది గాని, ఆ ఉప్పునీళ్ల తుప్పు లోపలికి తినింది. ఇటుకపొడికి పోలేదు, ఆకురాయికి పోలేదు, వాని కన్నీళ్లకు పోలేదు. పదును మాత్రం పెట్టినాడు, పెట్టినాడంటే అట్లాంటి పదును పెట్టలేదు వాడు మల్ల ఎప్పుడూ. ఆ రంపంతోనే మామిడి చెక్క కోసి రెండు పీటలు చేసినాడంట. ఆ పిల్ల పీటకు అంచులు ఎంత నున్నగా చిత్రిక పట్టినాడంటే, పట్టుచీర దారం గూడా చిక్కుకోదు.

పెండ్లి దినం పొద్దున పెండ్లికొడుకు రుద్రాచారి తానే పీటలకు వచ్చినాడు కొట్టం కాడికి. మంచి మనిషి, చెవుల కాడ వెంట్రుకలు నెరిసి, మొకంలో రొంత సిగ్గు, ఈ వయసులో పెండ్లేందని. "ఏం బామ్మర్దీ, బాగుండావా? మా పిల్ల నిన్ను అన్నా అంటాదంటనే" అన్నాడు. "ఔ బావా" అన్నాడు కంబగిరి. ఆయన గూడా వడ్లాయనే గదా, పీటల కంటే ముందు రంపం మీదికి పోయింది చెయ్యి. ఎత్తి, ఏలితో కొట్టినాడు. గ్గణ్ మని సాగింది. "అబ్బ!" అన్నాడంట. "ఎవురు పెట్టినారు ఈ పదును? నువ్వేనా? ఇరవై ఏండ్లుగా పట్టుకుంటాండా రంపం, ఇట్లా పాడేదాన్ని వినలేదు." మల్ల ఎండకు పెట్టి రేకు చూసినాడు. మొకం చిట్లించుకున్నాడు. "అయ్యో, ఇంత మంచి ఇనుమును ఎవురో పాడు చేసినారే. ఇవి వానకు పట్టిన గుంటలు కావు, ఉప్పు తగిలింది. ఎవురప్పా అంత తెలివి లేనోడు?" "ఎవురో బావా" అన్నాడు కంబగిరి. "వానికి దాని విలువ తెలిసుండదు" అన్నాడాయన జాలిగా. "తెలుసు బావా. అందుకే పాడు చేసినాడు" అన్నాడు వీడు. ఆయనకు అర్థం కాలేదు. నవ్వి, రంపం భుజాన ఏసుకోని, పీటలు రెండు చేతులా పట్టుకోని, ఎండలో పోతాంటే, వంక మలుపు తిరిగేదాకా ఆ రంపం మెరుస్తానే ఉండిందంట.

చచ్చిపోయినాడా అని అడుగుతారు మీరు. లేదు, చావలేదు. చచ్చేటోళ్ల కథలు చెప్పేదానికి బాగుంటాయి గాని, బతికేటోళ్లే ఎక్కువ నాయనా. ఆ ఊర్లోనే ఉన్నాడు, మూడేండ్లకు పెండ్లి చేసుకున్నాడు, ఊరందరికీ తలుపులు చేసినాడు, మంచోడనిపించుకున్నాడు. ఆ పిల్ల గూడా బాగనే కాపురం చేసింది. ఆ రుద్రాచారి పువ్వు మాదిరి చూసుకున్నాడంట, అది గూడా చెప్పాల, లేకుంటే పాపం. లోపల ఏముండిందో నాకెట్ల తెలుస్తాది, నేను చూస్తినా! ఒకటి మాత్రం విన్నా. ఆమెకు కూతురు పుట్టి, ఆ కూతురు ఎదిగి పెండ్లి యాళకు వచ్చినప్పుడు, కామాచ్చి ఆ రంపం పద్ధతి వద్దనిందంట. పిల్లను ముందర కూర్చోబెట్టుకోని, "పద్ధతీ లేదు పాడూ లేదు, నీకు ఎవురి మీద మనసుందో పొయ్యి వాని ముందర నోటితో చెప్పు" అనిందంట. ఆ పిల్ల పొయ్యి చెప్పింది. చెప్తే, ఆ పిల్లోడు, "నాకొద్దు" అన్నాడంట. నోటితోనే అన్నాడు, బాగా ఇనపడేటట్ల. ఇంగేం చెప్పేది! నోరున్నా అంతే, లేకున్నా అంతే. లేయండి లేయండి, గొడ్లు ఇంటికొచ్చే యాళయింది.